ఎండ ముదిరితే పడిపోతున్న డిష్ సిగ్నల్: లోపం ఎల్‌ఎన్‌బీలోనా, పైపులోనా?

హైదరాబాద్ మల్కాజిగిరిలో మా రేకుల షెడ్డుపై, ఇనుప పైపుకు బిగించిన 60 సెంటీమీటర్ల డిష్‌తో 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి ఉచిత ఛానళ్లను, ముఖ్యంగా మా నాన్నగారు వినే ఆకాశవాణి ప్రసారాలను అందుకుంటున్నాము. పది రోజులుగా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు సిగ్నల్ స్ట్రెంత్ 85 వద్దే నిలిచి ఉన్నా, క్వాలిటీ మాత్రం 70 నుంచి 20కి పడిపోయి, మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. మబ్బు పట్టిన రెండు రోజులు ఈ ఇబ్బంది లేదు (మామూలుగా మబ్బును తిట్టుకుంటాం, ఇక్కడ అదే మేలు చేసింది).

డిష్‌ను ఆగ్నేయ దిశగా, అజిమత్ (ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచే దిశ కోణం) 138, ఎలివేషన్ (నేల నుంచి పైకి ఎత్తు కోణం) 63 డిగ్రీలకు మళ్లీ సరిచేశాను. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్‌ను అందుకునే పరికరం), పదిహేను మీటర్ల ఆర్‌జీ-6 కేబుల్, కనెక్టర్లు మార్చాను. సెట్‌టాప్ బాక్స్‌లో ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ 9750/10600గానే ఉంది. పక్కింటి డిష్‌కు కలిపితే ఇదే బాక్స్ మధ్యాహ్నం కూడా చక్కగా పనిచేసింది. ఎల్‌ఎన్‌బీపై తడిగుడ్డ కప్పి అరగంట చూసినా మార్పు రాలేదు కనుక, వేడికి రేకులు, పైపు వ్యాకోచించి డిష్ కొద్దిగా పక్కకు తిరుగుతోందేమోనని అనుమానిస్తున్నాను.

సిగ్నల్ మీటర్ లేకుండా, లోపం పైపు కదలికదో కొత్త ఎల్‌ఎన్‌బీదో ఖచ్చితంగా తేల్చుకోవడం ఎలా?