స్లౌలో కౌన్సిల్ ఎన్నికలు: ఏటా కొన్ని సీట్లా, నాలుగేళ్లకోసారి అన్నీనా?

లాంగ్లీవాసి:
2024 జనవరిలో ఇంగ్లండ్‌లోని స్లౌకి, లాంగ్లీ పేటకి మారాం. వచ్చిన నెల నుంచీ కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నా, కానీ ఊరి కౌన్సిల్‌కి ఒక్కసారీ ఓటు వేయలేదు. 2023 మేలో 42 సీట్లకూ ఒకేసారి ఎన్నికలు అయిపోయాయి, మళ్లీ 2027లోనే. అంతకుముందు ఏటా మూడో వంతు సీట్లకు జరిగేవి, నాలుగో ఏడు మాత్రం ఖాళీ. ఆ పాత పద్ధతే నయం. మనలో చాలామంది వీసా మీద వచ్చి, అద్దె ఇళ్లలో రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోయేవాళ్లమే. ట్యాక్స్ కట్టి, బిన్లు బయట పెట్టి, ఓటు మాత్రం వేయకుండానే ఊరు దాటేస్తాం. ఏమంటారు?

సిప్పెన్హమ్ పిల్లోడు:
అసలు మనకి ఓటుందా?

వెక్సమ్ కోడలు:
ఉంది. ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్న భారత పౌరులు కామన్వెల్త్ లెక్కలో ఓటర్లే, స్టూడెంట్ వీసా అయినా సరే. పేరు నమోదు చేసుకోవాలి. 2023 మే నుంచి పోలింగ్ స్టేషన్‌లో ఫోటో ఐడీ అడుగుతున్నారు, మన పాస్‌పోర్ట్ చెల్లుతుంది.

చాల్వీ బాబాయి:
తమ్ముడూ, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నా, నువ్వు మెచ్చుకుంటున్న ఆ పద్ధతి కళ్లారా చూశా. ఏటా మే వచ్చేసరికి కరపత్రాలు. ఎన్నికలు నెత్తి మీద ఉంటే చేదు మాట ఎవరు చెబుతారు? కౌన్సిల్ అప్పులు దాదాపు 76 కోట్ల పౌండ్లకు చేరాయి. 2021 జూలైలో 114వ సెక్షన్ నోటీసు వచ్చింది. అంటే కొత్త ఖర్చు బంద్, చట్టం చేయమన్న పనులకే డబ్బు. డిసెంబర్‌లో కౌన్సిల్ మీద అజమాయిషీకి కేంద్ర ప్రభుత్వం పంపిన కమిషనర్లు దిగారు. 2023లో ప్రత్యేక అనుమతితో ట్యాక్స్ 9.99 శాతం పెంచారు. మామూలుగా 5 శాతం దాటాలంటే పెంచాలా వద్దా అని జనం చేత ఓటు వేయించాలి! ఊళ్లో గొలుసు వేసుకుని తిరిగే మేయర్‌ది అలంకారమే, నిర్ణయాలన్నీ కౌన్సిల్ లీడర్, ఆయన క్యాబినెట్‌వి. వాళ్లకి నాలుగేళ్లు తీరుబడి ఇస్తేనే లెక్కలు సరిచేస్తారు.

వెక్సమ్ కోడలు:
బాబాయిగారూ, అప్పులకీ ఎన్నికల పద్ధతికీ ముడి పెట్టకండి. లండన్‌లోని క్రాయిడన్‌లో ఎన్నో ఏళ్లుగా నాలుగేళ్లకోసారే ఎన్నికలు. 2020 నవంబర్‌లో అక్కడా ఇదే నోటీసు. బర్మింగ్‌హామ్ 2018లో నాలుగేళ్ల పద్ధతికి మారింది, 2023 సెప్టెంబర్‌లో అదీ చేతులెత్తేసింది. తీరుబడి ఇస్తే తీరుబడిగా మునిగారు, అంతే తేడా.

సిప్పెన్హమ్ పిల్లోడు:
మా ఆంధ్రాలో మున్సిపల్ ఎన్నికలు 2014లో అయ్యాక మళ్లీ 2021లోనే. నాలుగేళ్లకోసారి ఠంచనుగా వస్తే నాకదే పండగ.

చాల్వీ బాబాయి:
బర్మింగ్‌హామ్ మాట ఒప్పుకుంటానమ్మా, అది నాకు తట్టలేదు. కానీ ఇంకోటి చూడు. నోటీసు వచ్చిన తర్వాత 2022 మేలో ఇక్కడ ఎన్నికలు జరిగాయి. ఊరంతా మండిపడుతోంది, అయినా లేబర్ పార్టీయే కౌన్సిల్‌లో కూర్చుంది. ఎందుకు? పోటీకి పెట్టింది మూడో వంతు సీట్లే కాబట్టి. మిగతా రెండు వంతులవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. మరుసటేడు అన్ని సీట్లకీ పెట్టేసరికి మెజారిటీ పోయింది, కన్జర్వేటివ్‌లు లీడర్ పదవి తీసుకున్నారు. కోపం వచ్చినప్పుడు పనికిరాని ఓటు ఏటా వేస్తే ఏం లాభం?

లాంగ్లీవాసి:
2022 సంగతి నాకు తెలియదు బాబాయ్. ఊరు మొత్తం ఒకేసారి తీర్పు చెప్పాలంటే మీ పద్ధతే సరైందనుకుంటా. కానీ ఆ తీర్పు చెప్పే రోజున మాలాంటివాళ్లు ఊళ్లో ఉండరే, నా బాధ అది. మా ఇంటి లీజు అయిపోవస్తోంది, ఆఫీసు దగ్గరని రీడింగ్‌కి మారుతున్నాం. అక్కడ ఇంకా మూడో వంతు పద్ధతేనట. ముందు అక్కడ పేరు నమోదు చేయించుకుంటా.