అప్‌డేట్: ఆట మధ్యలో ల్యాప్‌టాప్ నెమ్మదించే సమస్య తీరింది

ఆట మొదలుపెట్టిన కాసేపటికే ల్యాప్‌టాప్ వేడెక్కి బొమ్మ ఆగి ఆగి కదులుతోందని, కొత్తది కొనక తప్పదా అని ఇదివరకు అడిగాను. ముందు వేడి సంగతి చూడమన్న వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

ఆడుతున్నప్పుడు గమనిస్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు దాటుతోంది. అంత వేడిలో ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, ఆట తడబడటానికి అదే కారణమని తేలింది. ల్యాప్‌టాప్ ఆపి, అడుగు మూత విప్పి, బ్యాటరీ కనెక్షన్ తీసి చూస్తే, ఫ్యానుకూ గాలి బయటికి పోయే సన్నని లోహపు పలకలకూ మధ్య దుమ్ము గుడ్డపీలికలా పేరుకుని ఉంది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని బ్రష్షుతో దాన్ని తీసేశాను. పట్టుకోకుండా గాలి కొడితే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతినవచ్చు.

నా తెర 60 హెర్ట్జ్‌దే (అంటే సెకనుకు 60 సార్లే బొమ్మ మార్చగలదు) కనుక ఆటలోనూ సెకనుకు 60 ఫ్రేముల (బొమ్మల) పరిమితి పెట్టాను. ఇప్పుడు వేడి 80 డిగ్రీల దగ్గరే నిలుస్తోంది, ఫ్యాను హోరు తగ్గి అదే గదిలో చదువుకునే పిల్లలకు ఇబ్బంది తప్పింది. అడుగున గాలి దారులు మూసుకుపోతాయి కాబట్టి పరుపు మీద పెట్టి ఆడటం ఇంట్లో అందరమూ మానేశాం. కింద పెట్టే ఫ్యాన్ల పీట, అంటే కూలింగ్ ప్యాడ్ అవసరం నాకు కనిపించలేదు. వేడి మళ్ళీ పెరిగితే, ప్రాసెసర్ వేడిని దాని మీది లోహానికి చేరవేసే థర్మల్ పేస్ట్ మార్పిస్తాను.