మారుతి ఇంజనా, బైక్ ఇంజనా? ఇంటిల్లిపాదీ నడిపే బగ్గీకి ఐదు రౌండ్లూ ఏది నిలబడుతుంది

పెన్నాగట్టు (నెల్లూరు)
బావ, మామయ్య, అన్న కూతురు, నేను. నలుగురం కలిసి ఒక బగ్గీ (మట్టి ట్రాకు పందేలకి పైపులతో కట్టే ఒంటి సీటు బండి) కట్టి వచ్చే పోటీల సీజన్లో ఐదు రౌండ్లు దింపాలనుకుంటున్నాం. కట్టడానికీ సీజన్ ఖర్చులకీ కలిపి 4 లక్షలు, అంతకు మించి పైసా లేదు. ట్రాకులు ఎక్కువగా ఎర్రమట్టి, అక్కడక్కడా ఇసుక. మిగ్ వెల్డింగ్ సెట్టు బావ దగ్గరుంది.

ఇంట్లో రెండు వర్గాలు. బావ పాత మారుతి 800 ఇంజన్ అంటాడు, అన్న కూతురు కేటీఎం 390 బైక్ ఇంజన్ అంటుంది. ఏది వేగం అని అడగడం లేదు. ఐదు రౌండ్లూ ఏది పూర్తి చేస్తుందో, ఎందుకో చెప్పండి.

కావలి కార్బురేటర్
మారుతినే అన్నా. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, రివర్స్, యాక్సిళ్లు, హబ్బులు (చక్రం బిగించే భాగాలు) అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. కారు ముందున్న ఆ ముద్దను ఊడదీసి, అదే దిశలో సీటు వెనకాల కూర్చోబెడితే వెనక చక్రాలు తిరుగుతాయి. దిశ మాత్రం మార్చొద్దు. చోటు కలిసొస్తాదని ఇంజన్ని వెనక్కి తిప్పి బిగిస్తే ముందుకు ఒక్క గేరు, వెనక్కి నాలుగు గేర్లు మిగులుతాయి.

మూడు చోట్ల జాగ్రత్త. ఒకటి, ఆ హబ్బులు స్టీరింగ్ తిరిగేవి. టై రాడ్‌ని (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కట్టి వాటిని కదలకుండా ఆపాలి. ఆ రాడ్డు కింది ఆర్మ్‌కి (హబ్బుని చట్రానికి కలిపే చెయ్యి) సమాంతరంగా, దాదాపు అంతే పొడవుండాలి. ఎక్కడ పడితే అక్కడ కడితే గుంతలో దిగినప్పుడల్లా వెనక చక్రం దానంతటదే పక్కకి తిరుగుతాది, బండి తోక ఊపతాది.

రెండు, గేర్ రాడ్డు. కారులో లివరు గేర్‌బాక్సుకి వెనక ఉండాది, బగ్గీలో ముందుకు రావాలి. రాడ్డుని ఇంజన్ పక్కగా జాయింట్లు పెట్టి తెస్తే ఒక్కో జాయింట్లో ఉండే కొంచెం కొంచెం ఆటే లివరు దగ్గర వేలెడంత అవతాది, మూడోది వెయ్యబోతే ఒకటోది పడతాది. కేబుల్ లివరు ఉన్న కారు నుంచి ఆ సెట్టు తెచ్చుకోవడం మేలు.

మూడు, ముందు చక్రాలకి కూడా స్టీరింగ్ హబ్బులు, డిస్కులు కావాలి గదా. అంటే రెండో కారు ముందు భాగం కూడా కొనాలి. ఒక్క మారుతితో పని అయిపోతాదని లెక్క వేసుకున్నోళ్ల బడ్జెట్ ఇక్కడే తప్పుతాది.

చీమకుర్తి చక్రం
అమ్మాయి మాటలో పస ఉంది. లెక్క చూడండి. మారుతి 800ది 796 సీసీ, సుమారు 37 పీఎస్ (హార్స్ పవర్). పాత కేటీఎం 390 అసలు 373 సీసీ, సుమారు 43 పీఎస్. మారుతి ముద్దతో కట్టిన బగ్గీ డ్రైవరుతో కలిపి 560 కిలోలకు తగ్గదు. బైక్ ఇంజన్‌ది 410లో తేల్చవచ్చు. టన్నుకి 66 పీఎస్ ఒకవైపు, 105 ఇంకోవైపు. ఆ 150 కిలోల తేడా ఇంజన్ ఒక్కదానిదే కాదు. ఇంజన్ బరువైతే దాన్ని మోసే పైపులు, ఆర్ములు, బ్రేకులు అన్నీ బరువెక్కుతాయి. తేలిక బండి టైర్లు తక్కువ తింటుంది, జంపు దిగినప్పుడు తక్కువ విరుగుతుంది. డబ్బుల్లేనివాళ్లకి కావాల్సింది అదే.

కావలి కార్బురేటర్
మరి టార్క్ (తిప్పే బలం)? మారుతి 2500 ఆర్‌పీఎం దగ్గరే 59 న్యూటన్ మీటర్లు ఇస్తాది. 390 ఇచ్చేది 37, అదీ 7000 దగ్గర. ఇసుకలో నిలబడ్డ బండిని కదిలించాలంటే ఏది కావాలో మీరే చెప్పండి. పైగా బైక్‌కి రివర్స్ లేదు. గట్టుకి మొహం పెట్టి ఆగితే నలుగురు వచ్చి తొయ్యాలి, ఈలోపు హీటు (రౌండులో ఒక విడత పందెం) అయిపోతాది.

చీమకుర్తి చక్రం
ఇంజన్ దగ్గర టార్క్ చూసి పోల్చకూడదండీ, చక్రం దగ్గర చూడాలి. బైక్‌లో ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) 15 పళ్లు, వెనక 45, అంటే 3.0. దాన్ని 13, 52 చేస్తే 4.0 అవుతుంది, ప్రతి గేరులోనూ లాగుడు మూడో వంతు పెరుగుతుంది. పై వేగం తగ్గుతుంది గానీ మట్టి ట్రాకులో ఆ వేగంతో పని లేదు. ఈ బైకుకి వచ్చే 520 సైజు చైనుకి 52 పళ్ల స్ప్రాకెట్ అడ్డం 263 మిల్లీమీటర్లు. 23 అంగుళాల టైరు వేస్తే స్ప్రాకెట్ అంచుకీ నేలకీ మధ్య 16 సెంటీమీటర్లు మిగులుతుంది. కింద 5 మిల్లీమీటర్ల రేకు గార్డు తప్పనిసరి.

రివర్స్ లేదన్నది నిజం, ఒప్పుకుంటున్నా. ఇంకో రెండు లోపాలు కూడా నేనే చెబుతా. బైకూ మనిషీ కలిపి 240 కిలోల కోసం చేసిన క్లచ్ అది. 410 కిలోలతో ఇసుకలో హాఫ్ క్లచ్ మీద నాలుగు స్టార్టులు ఇస్తే ప్లేట్లు కాలతాయి, ఆయిల్ తీసి వాసన చూస్తేనే తెలిసిపోతుంది. రెండోది చైను. దాని మీద జిడ్డు గ్రీజు పూస్తే ఇసుక అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది. పొడిగా ఉండే చైన్ వ్యాక్స్ వెయ్యాలి, ప్రతి హీటు తర్వాతా సాగుడు చూడాలి. గాలితో చల్లబడే పల్సర్ లాంటి ఇంజన్ మాత్రం వద్దు. సీటు వెనక గోడ చాటున దానికి గాలి ఎక్కడిది?

పొదిలి పానా
ఇద్దరూ ఇంజన్ దగ్గరే ఆగిపోయారు. మట్టి ట్రాకులో బగ్గీ సీజన్ మధ్యలో ఆగిపోయేది పవరు చాలక కాదు, స్ప్రింగులు బరువుకి తగ్గట్టు లేక. చక్రం ఎగిరితే పట్టు పోయిద్ది. పట్టు లేకుండా గాల్లో గిర్రున తిరిగి ఒక్కసారి నేలకి తగిలిన చక్రం యాక్సిల్‌ని విరగ్గొట్టిద్ది. అప్పుడు యాక్సిల్ నాణ్యత లేదంటారు.

మారుతి స్ట్రట్టు (స్ప్రింగు, షాకు కలిసి ఉండే కాలు) తెచ్చి నాలుగు మూలలా పెట్టడం అందరూ చేసే తప్పు. వెనక పర్లేదు, ఇంజన్ బరువు అక్కడే ఉంది కాబట్టి స్ప్రింగు సరిపోయిద్ది. ముందు మాత్రం స్ప్రింగు మీద పడే బరువు మూలకి 60 కిలోలే. అక్కడ కారు స్ప్రింగు రాయిలా ఉంటది, స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే పోయిద్ది.

లెక్క ఇది. మూలకి 60 కిలోలు, సెకనుకి ఒకటిన్నర ఊపు కావాలంటే చక్రం దగ్గర 5.3 న్యూటన్లు ఒక మిల్లీమీటరుకి. షాకబ్జర్ చక్రం మీద నేరుగా ఉండదు, ఆర్మ్ మధ్యలో ఉంటది. చక్రం 10 కదిలితే షాక్ 6 కదిలేలా కట్టారనుకుందాం. ఆ 0.6ని దానితోనే గుణించాలి, 0.36. 5.3ని 0.36తో భాగిస్తే దాదాపు 15 న్యూటన్లు. అంటే మిల్లీమీటరుకి కిలోన్నర స్ప్రింగు. మోనోషాక్ (వెనక ఒక్కటే షాకు ఉండే) బైకుల స్ప్రింగు దీనికి చాలా గట్టిది. మామూలు బైకుకి వెనక జంటగా వచ్చే షాకుల్లో ఒక్కోటీ ఈ లెక్కకి దగ్గరగా ఉంటది, చవక కూడా.

కొట్టువాడి మాట నమ్మకుండా ఇంట్లోనే కొలవండి. షాకుని నిలబెట్టి, పక్కకి పడకుండా పైపులో పట్టి, పైన పలక పెట్టి 50 కిలోల సిమెంటు బస్తా వెయ్యండి. స్కేలుతో ఎత్తు కొలవండి. రెండో బస్తా వేసి మళ్లీ కొలవండి. మొదటి బస్తాకి ఎంత దిగిందో చూడొద్దు, స్ప్రింగు ముందే నొక్కి బిగించి ఉంటది కాబట్టి అది తప్పు చెప్పిద్ది. రెండో బస్తాకి దిగింది 33 మిల్లీమీటర్లయితే మీకు కావాల్సిన స్ప్రింగు అదే. 20 దిగితే గట్టిది, 45 దిగితే మెత్తన.

కావలి కార్బురేటర్
పానా గారి బస్తాల లెక్క బాగుండాది. దానికి ఒకటి కలపండి. వెనక చక్రం గాల్లో మరీ కిందికి వేలాడితే లోపలి యాక్సిల్ జాయింటు గేర్‌బాక్సులోంచి జారి వస్తాది, బూటు (జాయింటు మీది రబ్బరు తొడుగు) చిరగతాది, ఇసుక పోయి రౌండు అక్కడితో సరి. లారీ సరుకు కట్టే నైలాన్ పట్టీని ఆర్ముకీ ఛాసిస్‌కీ కట్టి, జాయింటు ఇంకా ఒక సెంటీమీటరు లోపలే ఉండగా పట్టీ బిగుసుకునేట్టు చూడండి. షాకు మీదనే వేలాడనిస్తే షాకు కూడా పోతాది.

ఒంగోలు వెల్డర్
ఇంజన్ ఏదైనా ముందు పంజరం, అంటే బోల్తా పడితే డ్రైవరుని కాపాడే పైపుల చట్రం. ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ రేసు సంస్థ) నిబంధనలో మెయిన్ హూప్‌కి (డ్రైవరు వెనక నుంచి తల మీదుగా వంచే పైపు) అతుకు లేని చల్లగా లాగిన కార్బన్ స్టీలు పైపు, 45 మిల్లీమీటర్ల అడ్డం 2.5 మందం, లేదా 50 అడ్డం 2 మందం. మిగతా పైపులు 38 అడ్డం 2.5 మందం. గేట్లకీ గ్రిల్లులకీ వాడే అతుకు పైపు అలాంటిదే కదా అనొద్దు. బండి బోల్తా కొట్టినప్పుడు అది అతుకు వెంట చీలిద్ది. వంపు చల్లగానే వంచాలి, వంపు వ్యాసార్థం పైపు అడ్డానికి మూడు రెట్లు తగ్గకూడదు. గ్యాసుతో కాల్చి వంచితే అక్కడ ముడత పడి బలం తగ్గిద్ది. వెల్డు పూస అందం కోసం గ్రైండింగ్ చెయ్యొద్దు.

45 పైపు మీటరు 2.6 కిలోలు. చక్రం గారు బరువు గురించి చెప్పింది నిజమే కానీ ఆ బరువు పంజరంలో తగ్గించేది కాదు. బెల్టులు కొనేటప్పుడు లేబుల్ మీద గడువు ఏడాది చూడండి, పాత బెల్టు చవగ్గా వచ్చిందని తేవొద్దు.

ఇంకోటి. ఈ బండికి రిజిస్ట్రేషన్ ఉండదు, రోడ్డు మీద నడపడానికి లేదు. ప్రతి రౌండుకీ పికప్ వ్యాన్‌లో ఎక్కించాలి. వెల్డింగ్ మొదలుపెట్టకముందే మీరు మాట్లాడుకునే వ్యాన్ బాడీ లోపలి కొలత టేపుతో కొలవండి. చక్రాల బయటి అంచుల మధ్య వెడల్పు దానికన్నా 10 సెంటీమీటర్లు తక్కువుండాలి. వెడల్పు పెరిగి లారీ మాట్లాడాల్సి వస్తే ఐదు రౌండ్ల బాడుగే మీ టైర్ల డబ్బు మింగేసిద్ది.

పెన్నాగట్టు
అందరికీ ధన్యవాదాలు. రెండు ప్రశ్నలు. ఖర్చు ఎలా విడదీయాలి? కట్టాక మైపాడు బీచ్‌లో నడిపి చూడొచ్చా?

చీమకుర్తి చక్రం
బీచ్ వద్దండీ. చలికాలం నుంచి ఎండాకాలం దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. చక్రాల కింద గూళ్లు నలుగుతాయి, గాడి పడితే పిల్లలు సముద్రం దాకా పాకలేవు. ఉప్పునీళ్లు మీ బ్రేకులకీ మంచివి కావు. తెలిసినవాళ్ల మెట్ట పొలం పంట తీశాక అడిగి వాడుకోండి, మళ్లీ దున్ని ఇవ్వండి.

పొదిలి పానా
ఖర్చు సంగతి. 4 లక్షల్లో లక్ష పక్కన పెట్టి, బండి పూర్తయ్యేదాకా ముట్టొద్దు. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసులు చూసే సంస్థ) లైసెన్సులు, ఎంట్రీ ఫీజులు, వ్యాన్ బాడుగ, పెట్రోలు, టైర్లు అందులోంచే. ఇంకో 40 వేలు స్పేర్లకి. మారుతి అయితే యాక్సిళ్లు రెండు, బూట్లు నాలుగు, టై రాడ్ ఎండ్లు, కింది బాల్ జాయింట్లు, క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, టైమింగ్ బెల్టు, డిస్ట్రిబ్యూటర్ మూత, రేడియేటర్ గొట్టాలు. బైక్ అయితే చైన్లు రెండు, ముందు స్ప్రాకెట్లు రెండు, క్లచ్ ప్లేట్లు రెండు సెట్లు. ఈ రెండు జాబితాలూ తీసుకుని నెల్లూరులో పాత సామాన్ల కొట్లు, బైక్ షోరూము తిరిగి రేట్లు రాసుకోండి. మీ ఇంటి గొడవ ఆ కాగితం మీదే తేలిపోయిద్ది. ఏ ఇంజన్ కొన్నా రసీదు, ఇంజన్ నంబరు ఉన్న కాగితం తీసుకోండి.

నలుగురికీ పని పంచండి. మార్చొద్దు. ఒకరు ప్రతి హీటు తర్వాత నట్లు చూడాలి, బిగించిన ప్రతి నట్టు మీదా పెయింటుతో గీత పెడితే గీత జరిగిందా లేదా కంటికే తెలిసిద్ది. ఒకరు టైర్ల గాలి. ఇసుకలో 12 నుంచి 15 పీఎస్ఐ, మరీ కిందికి దించితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. ఒకరు ఆయిల్, నీళ్లు, ఎయిర్ ఫిల్టరు. డ్రైవరుకి ఏ పనీ ఇవ్వొద్దు, నీళ్లు తాగి కూర్చోమనండి.

కావలి కార్బురేటర్
ఫిల్టరు మాట వచ్చింది కాబట్టి. గాలి పీల్చే గొట్టం డ్రైవరు తల ఎత్తుకి తేవాలి, కింద చక్రం లేపే దుమ్ముకి దూరంగా. ఆయిల్ పట్టించిన ఫోమ్ ఫిల్టరు వెయ్యండి. ఫిల్టరు దాటాక గొట్టం లోపలి గోడకి పల్చగా గ్రీజు రాసి, హీటు అయ్యాక వేలితో తుడవండి. వేలికి గరుకు తగిలితే ఎక్కడో సందు ఉన్నట్టే, క్లిప్పో రబ్బరో చూసుకుని మూసేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. ఆ గరుకు రెండు రౌండ్లలో పిస్టన్ రింగులు తినేస్తాది, ఆయిల్ పొగ మొదలవతాది. ఇది మారుతికైనా 390కైనా ఒకటే.

చీమకుర్తి చక్రం
ఒకటే. ఫోమ్ ఫిల్టర్లు మూడు కొనండి, ఒకటి బండికి, ఒకటి ఆయిల్ పట్టించి డబ్బాలో, ఒకటి ఉతికి ఆరేసి. పెట్రోలుతో ఉతికితే ఫోమ్ జిగురు వదులుతుంది, కిరసనాయిలుతో ఉతికి సబ్బునీళ్లలో జాడించండి. నా ఓటు మాత్రం అమ్మాయికే. రివర్స్ లేకపోతే తొయ్యడానికి మీరు ముగ్గురున్నారు.

పెన్నాగట్టు
రేట్లు రాసుకుని ఆదివారం ఇక్కడే పెడతాను. సిమెంటు బస్తాలు రెండు ఇంట్లోనే ఉన్నాయి, షాకులు ముందు కొలుస్తాం.