బ్రాడీపేటలో వీధి పిల్లులకు ఆపరేషన్లు చేయించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడో అంతస్తు, బ్రాడీపేట

గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. మా అపార్ట్‌మెంటుకీ వెనక హాస్టల్ మెస్సుకీ మధ్య మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత సందు ఒకటుంది. మెస్సు వాళ్లు పారేసే అన్నం, కోడి ఎముకలు తింటూ పోయిన ఉగాదికి అందులో మూడు పిల్లులుండేవి. నిన్న లెక్కపెడితే పదకొండు. రాత్రి రెండింటికి గండుపిల్లులు కొట్టుకుంటుంటే ఎవరో పసిబిడ్డని గిల్లినట్టు ఉంటుంది, మా అత్తయ్య గారు ఉలిక్కిపడి లేచి కూర్చుని ఇక తెల్లారేదాకా పడుకోరు. సెల్లారులో స్కూటర్ సీట్లన్నీ పీకేశాయి, ఆ కంపు గురించి నేను చెప్పక్కర్లేదు.

మొన్న ఆదివారం అసోసియేషన్ మీటింగులో వీటిని గోనెసంచుల్లో పట్టించి మిర్చి యార్డు దగ్గర వదిలేద్దామని తేల్చారు. అక్కడే ఎందుకంటే ఎలుకలు దొరుకుతాయట. ఆ ఘాటుకి మనుషులే తుమ్ముకుంటూ తిరుగుతారు, పిల్లులేం బతుకుతాయి అని నేను నోరు జారాను. "అయితే ఆ ఆపరేషన్లేవో నువ్వే చేయించమ్మా, నెల రోజులు ఆగుతాం" అన్నారు ప్రెసిడెంటు గారు. ఇప్పుడు నాకు టెన్షన్.

ఇవి చేతికి చిక్కేవి కావు, నాలుగడుగుల దూరంలో ఉంటేనే పరుగు. ఎలా పట్టాలి? ఎంతవుతుంది? ఒక మూడు రంగుల పిల్లి కడుపుతో ఉన్నట్టుంది, దాన్నేం చెయ్యాలి? ఇంకోటి, మా ఆడపడుచు పురిటికి వస్తోంది, పిల్లులుంటే కడుపులో బిడ్డకి ప్రమాదమని పక్కింటి పిన్ని గారు భయపెట్టారు. నిజమేనా?

కృష్ణలంక కాలవగట్టు

అమ్మా, ముందు ఆ గోనెసంచుల పని ఆపించు. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలని మా నాయనమ్మ అనేది, ఇవాళ్టి బంగారం రేటుకి మీ అసోసియేషన్‌కి ఆ ఒక్క మాట చెప్పినా చాలనుకుంటా. పాపం సంగతి అటుంచితే అది పనిచెయ్యదు. మా వైపు ఎవరో ఆరు పిల్లుల్ని పట్టించి బ్యారేజీ దాటించి తాడేపల్లి అవతల వదిలొచ్చారు. నాలుగు నెలలు హాయిగా ఉంది. తర్వాత పక్క సందులవి వచ్చి చేరాయి, ఎందుకంటే చేపలు కోసే చోటు అక్కడే ఉంది, దాక్కునే కంతలూ అక్కడే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఎనిమిది. మీ సందులో ఆ మెస్సు తొట్టికి మూత పెట్టనంతవరకు మీకూ అంతే, కాబట్టి ఆపరేషన్ల కంటే ముందు మెస్సు వంటాయనతో స్నేహం చెయ్యి.

ఇప్పుడు మేం చేసిన తప్పు చెప్తా, నువ్వు చెయ్యకు. మొదటి సంవత్సరం నలుగురం కలిసి పంతొమ్మిది పిల్లులకి చేయించాం. ఒక సందులో మూడు, ఇంకో సందులో రెండు, ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల దగ్గర. డబ్బంతా అయిపోయింది, లీవులూ అయిపోయాయి, తేడా మాత్రం కనిపించలేదు, ఎందుకంటే ప్రతి సందులో ఒకటో రెండో ఆడవి మిగిలిపోయాయి, ఆ రెండూ ఆ లోటు పూడ్చేశాయి. రెండో ఏడాది మొండిగా ఒకే సందు పట్టుకున్నాం. ఉన్న తొమ్మిదీ అయ్యేదాకా పక్క సందు వాళ్లు బతిమాలినా వెళ్లలేదు, తిట్టించుకున్నాం కూడా. ఆ సందులో రెండు వానాకాలాలుగా కొత్త పిల్ల పుట్టలేదు. నీకున్న పదకొండే నీ లోకం అనుకో, ఊరిని ఉద్ధరించకు.

డబ్బు తక్కువైతే ఆడవాటికి ముందు. ఒక్క గండుపిల్లి మిగిలినా వీధిలో ఉన్న ఆడవాటన్నిటికీ అదొక్కటే సరిపోతుంది, అందుకని మగవాటితో మొదలుపెడితే డబ్బు కాలవలో పోసినట్టే. నీ సంగతి కొంచెం వేరు, అసోసియేషన్ నోరు మూయించాలంటే అరుపులు ఆగాలి కాబట్టి బాగా కొట్టుకునే రెండు మగవి కూడా మొదటి విడతలో చేయించు.

పట్టడానికి బోను కావాలి. మాది వెల్డింగ్ షాపులో చేయించాం, మూడడుగుల పొడవు, అడుగు పైచిలుకు ఎత్తు, చిన్న కన్ను జాలీ. లోపల చివర తొక్కుడు పలక, దాని మీద కాలు పడితే వెనక తలుపు జారుతుంది. కొనగానే పెట్టేస్తే ఒకటి పడుతుంది, మిగతావి అది చూసి నెల రోజులు ఆ చాయలకి రావు. అందుకని వారం పాటు రోజూ ఒకే టైముకి, రాత్రి తొమ్మిదనుకో, తలుపు తాడుతో కట్టేసి బోను లోపలే తిండి పెట్టు. అలవాటు పడ్డాక ఒకరోజు తిండి మానేసి మర్నాడు తాడు విప్పి మెత్తళ్లు వేయించి పెట్టు. ఎండు మెత్తళ్ల వాసనకి రాని పిల్లిని నేను ఇంతవరకు ఒక్కదాన్నే చూశా. తలుపు పడగానే దుప్పటి కప్పెయ్యి, చీకటి పడితే ఊరుకుంటుంది, లేకపోతే ముక్కు చిట్లేదాకా జాలీకి కొట్టుకుంటుంది. మన ఎండల్లో పగలు బోను పెట్టద్దు, పెట్టి ఇంట్లోకెళ్లి నిద్రపోవద్దు. చేత్తో అసలు పట్టుకోవద్దు. కరిస్తే కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికెళ్లి రేబిస్ సూది వేయించుకో, పిల్లే కదా అనుకోకు.

ఖర్చు డాక్టర్ని బట్టి. మాకు ఆడదానికి రెండున్నర వేలు, మగదానికి పదిహేను వందలు పడింది, అదీ వీధి పిల్లులని తగ్గిస్తే. ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. నేను ఆటోలో కూర్చుని "ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి డాక్టర్ గారూ" అంటే ఆటో అబ్బాయికి "ఆడపిల్ల" అని వినపడింది. బండి పక్కకి ఆపి "ఎంత వయసు సార్ పాపకి" అని నిలదీశాడు. దుప్పటి ఎత్తి చూపించేదాకా కదల్లేదు.

అరండల్‌పేట స్కూటర్ బాధితుడు

నాకొకటి అర్థం కాదు. పట్టుకుని, వేలకి వేలు పోసి, మళ్లీ అదే సందులో వదలడమేంటండీ? ఆపరేషన్ అయిన పిల్లి సీటు చీరదా? పావురం గూట్లో పిల్లల్ని తినదా? మా బాల్కనీలో రెండు సార్లు తినేసింది. పిల్లి ప్రేమికులు చెప్పేవన్నీ ఒక పక్క కథే. ఒక జంట ఏడేళ్లలో నాలుగు లక్షల పిల్లులవుతాయని వాట్సాప్‌లో పంపేదీ మీరే, భయపెట్టి చందా అడిగేదీ మీరే.

గన్నవరం ఇంటర్న్

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. నాలుగు లక్షల లెక్క తప్పే, అన్నతో ఏకీభవిస్తా. పుట్టిన ప్రతి పిల్లా బతికి, ప్రతిదీ కంటూ పోతే వచ్చే కాగితం లెక్క అది. వీధిలో పుట్టినవాటిలో చాలా భాగం పెద్దవే కావు, బండ్ల కింద, కుక్కలకి, విరోచనాల జబ్బులకి పోతాయి. అసలు లెక్కే చాలు భయపడ్డానికి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే కట్టగలదు, మోసేది 63 నుంచి 65 రోజులు, ఈతకి మూడు నుంచి ఐదు, పాలిస్తుండగానే మళ్లీ ఎదకొస్తుంది. పగటి వెలుతురు ఎక్కువున్న కాలంలో ఎదకొచ్చే జీవి ఇది, మన దగ్గర చలికాలంలో కూడా పగలు మరీ తగ్గదు కాబట్టి దాదాపు ఏడాది పొడుగునా కంటాయి. మూడు పదకొండవడంలో వింతేం లేదు.

అదే చోట ఎందుకు వదలాలంటే, కాలవగట్టు అన్న చెప్పినట్టు ఖాళీ చోటికి కొత్తవి వస్తాయి. టాస్మేనియాలో అడవిలో పిల్లుల్ని కొన్నికొన్నిగా తీసేసి చూశారు, 2014లో అచ్చయిన ఆ పరిశోధనలో తీసేసిన చోట్లే సంఖ్య పెరిగింది. ఆపరేషన్ అయినవి ఆ చోటు కాసుకుని కూర్చుంటాయి, కనవు. అలాగని ఇదేం మంత్రం కాదు. ఇటలీలో 1991 చట్టంతో వీధి పిల్లుల్ని చంపడం ఆపి ఆపరేషన్లు మొదలుపెట్టారు. రోమ్‌లో పదేళ్ల తర్వాత లెక్క చూస్తే సంఖ్య తగ్గింది గానీ అనుకున్నంత తగ్గలేదు, జనం ఇళ్లలో పిల్లుల్ని తెచ్చి అక్కడ వదిలేస్తూ ఉండటమే కారణం. మీ సందులో కూడా ఎవరైనా తెచ్చి పడేస్తున్నారేమో చూడండి. పావురాల విషయంలో నా దగ్గర మంచి జవాబు లేదు, ఆపరేషన్ అయినా వేటాడుతుంది. కొట్లాటలు, గోడల మీద కొట్టే ఆ ఘాటు మూత్రం మాత్రం చాలా మగవాటిలో కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. ఆ మధ్యలో ఆడది కట్టించుకుంటే డాక్టర్ని తిట్టకండి, ఆపరేషన్ తర్వాత కూడా నాలుగైదు వారాలు మగదాంట్లో వీర్యం ఉంటుంది.

అక్కా, మీ మిగతా ప్రశ్నలు. కడుపుతో ఉన్నదానికి కూడా డాక్టర్లు చేస్తారు, కడుపు పోతుంది. అది మీ మనసూ డాక్టరూ కలిసి తేల్చుకోవాల్సింది. ఈనేస్తే మాత్రం పిల్లలు తిండి తినడం మొదలుపెట్టేదాకా, ఆరేడు వారాలు, తల్లిని పట్టకండి. పట్టిన ప్రతి ఆడదాని పొట్ట చూడమని డాక్టరుకి చెప్పండి, చనుమొనల చుట్టూ బొచ్చు ఊడి ఉంటే ఎక్కడో పిల్లలున్నట్టు. పిల్లలకి రెండు నెలలు నిండి కిలో బరువు దాటితే వాటికీ చేయించొచ్చు. మత్తులో ఉన్నప్పుడే ఎడమ చెవి కొస ఒక సెంటీమీటరు తీయించండి, చాలా డాక్టర్లు అడిగితేనే చేస్తారు. అది లేకపోతే అయినదాన్నే మళ్లీ పట్టుకొస్తారు, మా దగ్గర ఒకసారి పొట్ట కోశాక తెలిసింది ముందే అయిందని. కరిగే కుట్లు వేయమనండి. మగవాటిని ఒక రాత్రి, ఆడవాటిని రెండు రాత్రులు ఉంచుకుని వదలండి.

రెండు విషయాలు గట్టిగా చెప్తున్నా. నొప్పిగా ఉందేమో అని జ్వరం మాత్ర ముక్క కూడా వెయ్యకండి, పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతో చనిపోతుంది. బోను ఉంచిన గదిలో ఫినాయిల్ వాడకండి, అదీ విషమే, సబ్బునీళ్లు చాలు.

మీ ఆడపడుచు గారి సంగతి. పక్కింటి పిన్ని గారు చెప్పేది టాక్సోప్లాస్మా అనే కంటికి కనపడని క్రిమి గురించి. పిల్లి దాన్ని మలంలో వదిలేది మామూలుగా మొదటిసారి సోకినప్పుడు రెండు వారాల పాటు, ఆ మలం కూడా ఒకరోజు దాటాకే అంటించే స్థితికొస్తుంది. పిల్లి ఎదురింటి గోడ మీద కూర్చుంటే రాదు. మాంసం బాగా ఉడికించడం, కూరలు కడగడం, మట్టి పని చేస్తే చేతులు కడుక్కోవడం ముఖ్యం, సెల్లారు ఊడ్చే పని ఆవిడకి పెట్టకండి.

విషం పెడతామని ఎవరైనా అంటే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ చూపించండి, జంతువుని చంపినా విషం పెట్టినా ఐదేళ్ల దాకా జైలుంది.

మూడో అంతస్తు, బ్రాడీపేట

రెండు నెలలయింది, జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. పదకొండులో ఎనిమిది అయ్యాయి, నాలుగు ఆడ, నాలుగు మగ. ఆటోలు, మందులతో కలిపి 17,300 అయింది. సగం ఫ్లాట్ల వాళ్లు ఇచ్చారు, మొదటి విడతలో ఆ రెండు రౌడీ మగవాటికి చేయించమన్న సలహా వల్లే. మూడు వారాలకి రాత్రులు సద్దుమణిగాయి, అత్తయ్య గారు నిద్రపోతున్నారు, ప్రెసిడెంటు గారు నెల గడువు మాట ఎత్తడం మానేశారు. మెస్సు వంటాయన తొట్టికి మూత పెట్టడు గానీ, రాత్రి బోను కాపలా మాత్రం ఆయనే కాస్తాడు.

ఒక రాత్రి బోనులో పడింది ఎదురింటి వాళ్ల పెంపుడు పిల్లి. దానికి ఆపరేషన్ చేయించేలోపు మెడలో గంట చూశాం కాబట్టి బతికిపోయాం. అరండల్‌పేట అన్నా, మీ మాట కూడా నిజమే, చెవి కొస లేనిది నిన్న నా సీటు మీదే గోళ్లు గీసుకుంటోంది.

మిగిలినవి రెండు మగవి, ఆ మూడు రంగులది. నేను అటో ఇటో తేల్చుకునేలోపే అది మీటర్ల గదిలో నాలుగింటిని ఈనింది. ఏడిళ్లు తిప్పుతుందంటారు గానీ ఇది నాలుగో ఇంటికే ఆగి హాస్టల్ మేడ మీద మకాం పెట్టింది. పిల్లలకి ఏడు వారాలు, అన్నం తింటున్నాయి. ఇప్పుడు దాన్ని పట్టకపోతే మళ్లీ కడుపొస్తుంది. బోను దగ్గరికి వస్తుంది, పక్కనుంచి చెయ్యి పెట్టి మెత్తళ్లు లాక్కుని పోతుంది, లోపలికి మాత్రం రాదు. పన్నెండు రోజులుగా ఇదే వరస. ఏం చెయ్యాలి?

కృష్ణలంక కాలవగట్టు

నేను చూసిన ఆ ఒక్క పిల్లి లాంటిదే నీకూ తగిలింది. దానికి పలక తొక్కే బోను పనికిరాదు. నా దగ్గర పైనుంచి పడే పెద్ద బోనుంది, కర్ర మీద నిలబెట్టి, పిల్లి కిందకొచ్చి తింటుంటే దూరం నుంచి తాడు లాగాలి. పిల్లలతో కలిసి తినడానికొచ్చే టైమ్ ఏదో నాలుగు రోజులు చూసి రాసి పెట్టుకో. శనివారం సాయంత్రం గుంటూరు వస్తున్నా, బోను తెస్తా. మెత్తళ్లు నువ్వే కొను, మా ఇంట్లో ఆ డబ్బా ముట్టుకోనివ్వట్లేదు.