ఏప్రిల్ నదీ క్రూజ్: హాలండా, రైనా, డాన్యూబా? శుక్రవారంలోగా తేల్చేద్దాం

ప్రయాణాల వాలంటీర్, సోమవారం

అందరికీ నమస్కారం. నిన్నటి మన గ్రూపు మీటింగ్‌లో ఒప్పుకున్నట్టే యూరప్ నదీ క్రూజ్‌కి మూడు రూట్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తేదీలు 2027 ఏప్రిల్ 3 శనివారం నుంచి 10 శనివారం దాకా, ఏడు రాత్రులు. ఇప్పటికి 34 మంది పేర్లిచ్చారు. వాళ్ళలో పదకొండు మంది డెబ్బై దాటినవాళ్ళు, నలుగురు ఇండియా నుంచి ఇక్కడికి, బ్రిటన్‌కి, వస్తున్న అమ్మానాన్నలు. బ్రోషర్‌లో ఎన్ని ఊళ్ళున్నాయో చూసే ముందు నేను ఈ పదిహేను మందినే తలుచుకున్నాను. వాళ్ళు హాయిగా తిరగగలిగితే మిగతావాళ్ళకి ఎలాగూ బాగానే ఉంటుంది.

మొదటిది హాలండ్, బెల్జియం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కి మళ్ళీ అక్కడే దిగుతాం. క్యూకెన్‌హాఫ్ తులిప్ తోట, కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు, ఆంట్‌వెర్ప్ చూస్తాం. నేలంతా చదును, మోకాళ్ళకి సుఖం. రెండోది రైన్, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బాజెల్ దాకా. కొలోన్ కెథెడ్రల్, స్ట్రాస్‌బర్గ్, మధ్యలో బింగెన్ నుంచి కోబ్లెంజ్ వరకు 65 కిలోమీటర్ల లోయ. కొండ కొండకీ ఒక కోట, అన్నీ డెక్ మీద కుర్చీలో కూర్చునే చూడొచ్చు. మూడోది డాన్యూబ్. జర్మనీలో పసావ్‌లో ఎక్కి లింజ్, మెల్క్, వియన్నా, బ్రాటిస్లావా మీదుగా బుడాపెస్ట్‌లో దిగడం.

నా ఓటు డాన్యూబ్‌కి. తులిప్‌లు వద్దని కాదు. ఏప్రిల్ మొదటి వారంలో క్యూకెన్‌హాఫ్ తెరిచే ఉంటుంది, లోపల పూలకి లోటుండదు. కానీ మనందరి మనసులో ఉన్నది బయట పొలాల్లో రంగురంగుల చారలు. అవి నిండుగా కనిపించేది మామూలుగా ఏప్రిల్ మధ్య నుంచి. పైగా దానికోసం ఓడ ఎక్కక్కర్లేదు. లండన్ సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే సుమారు నాలుగు గంటల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటాం. ఏప్రిల్ చివర్లో ఒక వీకెండ్‌కి విడిగా వెళ్ళొచ్చు, ఆ బాధ్యతా నేనే తీసుకుంటాను.

రైన్ నాకూ ఇష్టమే. అయితే ఏడు రాత్రుల్లో ఆ లోయ ఒక్క పూటలో అయిపోతుంది. డాన్యూబ్ మీద వాకావ్ లోయ మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్లే అయినా, దానికి దిగువన వియన్నా, ఇంకా అవతల బుడాపెస్ట్ ఉన్నాయి. వాకావ్‌లో ఆప్రికాట్ తోటలు మార్చి చివరి నుంచి ఏప్రిల్ మధ్యలోపు పూస్తాయి. చలిని బట్టి ఒక వారం అటూ ఇటూ అవుతుంది కాబట్టి పూలు చూపిస్తానని మాటివ్వలేను. దొరికితే మాత్రం కొమ్మల నిండా తెల్లటి పూలు, ఆకు ఇంకా రాని రోజులు.

ఇంకొక్క మాట. రెండేళ్ళ కిందట అమ్మతో ఇలాంటి క్రూజ్‌కే వెళ్ళాను. రేవులో చోటు చాలక ఓడల్ని ఒకదాని పక్కన ఒకటి ఆనించి కట్టేస్తారని మాకెవరూ చెప్పలేదు. రెండో రోజు పొద్దున అమ్మ కర్టెన్ తీస్తే నది లేదు. మూరెడు దూరంలో ఇంకో ఓడ కిటికీ, అందులో పళ్ళు తోముకుంటున్న పెద్దాయన. గబుక్కున కర్టెన్ లాగేసింది, రోజంతా గదిలో లైటు వేసుకునే కూర్చుంది. ఒడ్డుకి వెళ్ళాలంటే మెట్లెక్కి పై డెక్ మీదికి పోయి, అవతలి ఓడ డెక్ మీదికి దాటి, మళ్ళీ మెట్లు దిగాలి. లిఫ్ట్ పై డెక్ దాకా పోదు. అమ్మ ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నా భుజం పట్టుకుని దిగింది. ఆ సాయంత్రం ఊరు చూడలేదు. ఇది వియన్నాలోనూ బుడాపెస్ట్‌లోనూ జరుగుతుంది. అందుకే ఏ కంపెనీతో మాట్లాడినా నా మొదటి ప్రశ్న ఇదే: ఓడలు ఆనించి కట్టినప్పుడు మెట్లెక్కలేనివాళ్ళని ఒడ్డుకి ఎలా చేరుస్తారు?

కోశాధికారి, సోమవారం రాత్రి

డాన్యూబ్‌కి నేనూ సరే. గదుల సంగతి మాత్రం అందరికీ తెలియాలి. అడుగు డెక్‌లో గదులు చవక. కానీ వాటి కిటికీలు పైకెక్కడో ఉంటాయి, తెరుచుకోవు, నీళ్ళు కిటికీ కిందే పారుతుంటాయి. పైగా కొన్ని ఓడల్లో లిఫ్ట్ అక్కడిదాకా దిగదు. పెద్దవాళ్ళకి అవి వద్దు, మధ్య డెక్ తీసుకుందాం. "ఫ్రెంచ్ బాల్కనీ" అని రాస్తే మురిసిపోకండి. అది గాజు తలుపు, దానికి అడ్డంగా కమ్మీ, అంతే. కుర్చీ పట్టదు.

గదులు దాదాపు అన్నీ ఇద్దరిద్దరికే. ఒంటరిగా వచ్చేవాళ్ళు ఐదుగురున్నారు, వాళ్ళకి ఒక్కరికే గదంటే ధర బాగా పెరుగుతుంది. ముగ్గురు పిన్నిగార్లు కలిసి ఉంటామంటున్నారు, అలా మూడు మంచాలున్న గదులు చాలా తక్కువ. అన్నా, మన గ్రూపులో పన్నెండేళ్ళలోపు పిల్లలు ఇద్దరున్నారు. చిన్నపిల్లల్ని అసలు తీసుకోని కంపెనీలు ఉన్నాయి, ఆ సంగతి ముందే అడగండి. టిప్పులు, డ్రింకులు, ఊరు చూపించే టూర్లు టికెట్‌లో కలిపారో లేదో రాతపూర్వకంగా తీసుకున్నాకే నేను అడ్వాన్స్ కడతాను.

వంటల బృందం, మంగళవారం

అసలు విషయం ఎవరూ చూడలేదా? ఏప్రిల్ 7 బుధవారం ఉగాది! ప్లవంగ నామ సంవత్సరం మొదలయ్యేది ఆ ట్రిప్ మధ్యలోనే. ఆ రోజు మనం ఎక్కడుంటాం? పచ్చడి ఎక్కడ కలపాలి? మావారు తేదీలు మార్చమంటున్నారు. నేను మాత్రం అక్కడే చేసుకుందాం అంటాను. పెద్దవాళ్ళందరూ ఒక్కచోట ఉండే ఉగాది మళ్ళీ మళ్ళీ రాదు.

ప్రయాణాల వాలంటీర్, మంగళవారం

వదినా, మీరు చెప్పేదాకా నాకు తట్టనేలేదు. ఈస్టర్ మార్చి 28 అని స్కూల్ సెలవులు చూసుకున్నానే గానీ పంచాంగం చూడలేదు. క్షమించండి.

రాత్రి కూర్చుని మళ్ళీ లెక్కేశాను. పసావ్ నుంచి కిందికి వస్తే సోమవారమే వాకావ్ దాటేస్తాం, బుధవారానికి వియన్నాలో ఉంటాం. సగం మంది షోన్‌బ్రున్ ప్యాలెస్‌కి, సగం మంది షాపింగ్‌కి, పండగ పూట ఎవరి దారి వాళ్ళది. అదే బుడాపెస్ట్‌లో ఎక్కి నదికి ఎదురు వెళ్తే శని, ఆది బుడాపెస్ట్, సోమవారం బ్రాటిస్లావా, మంగళవారం వియన్నా, బుధవారం పొద్దున్నే వాకావ్. గురువారం లింజ్, శుక్రవారం పసావ్. ఉగాది నాడు మనం సరిగ్గా ఆ తోటల మధ్య ఉంటాం.

దీనివల్ల ఇంకో లాభం. ఆస్ట్రియాలో డాన్యూబ్ మీద వరసగా ఆనకట్టలున్నాయి. అవి లేకుండా నది తన వేగాన తాను పారేది వాకావ్‌లోనూ, వియన్నా తూర్పునా మాత్రమే. ఆ ప్రవాహానికి ఎదురెక్కే ఓడ నెమ్మదిగా పోతుంది. అక్కడ రోజూ తిరిగే టూరిస్ట్ బోట్లకి మెల్క్ నుంచి క్రెమ్స్‌కి దిగడానికి రెండు గంటలు కూడా పట్టదు, క్రెమ్స్ నుంచి మెల్క్‌కి ఎక్కడానికి దాదాపు మూడు గంటలు. మనకి కావలసింది ఆ మూడు గంటలే. కాబట్టి రూటు అదే, దిశ తిప్పుదాం. వాకావ్‌ని రాత్రిపూట దాటించే షెడ్యూల్ అయితే ఎంత చవకైనా వద్దు.

నడక గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. వాకావ్‌లోని డ్యూర్న్‌స్టైన్ అందమైన ఊరు. 1192లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని పట్టుకుని అక్కడి కోటలోనే బంధించారు. కానీ వీధులన్నీ రాళ్ళు పరిచినవి, ఎత్తుపల్లాలు. కోట శిథిలాల దాకా ఎక్కడం కుర్రవాళ్ళ పని. పెద్దవాళ్ళు ఆ గంట డెక్ మీదే ఉంటే మంచిది, వాళ్ళతో నేనుంటాను. మెల్క్ మఠం కొండ మీదున్నా బస్సు పైదాకా వెళ్తుంది.

వంటల బృందం, మంగళవారం రాత్రి

అయితే ఖాయం. ఇప్పుడు నా లిస్టు వినండి. బ్రెగ్జిట్ తర్వాత ఇక్కడినుంచి యూరప్‌లోకి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి సీసా, కోవా, పెరుగు, చికెన్ పచ్చడి, ఏవీ కుదరవు. మామిడాకులు, కరివేపాకు, మామిడికాయ లాంటి పచ్చివి కూడా సర్టిఫికెట్ లేకుండా పట్టుకెళ్ళొద్దు. తోరణాలకి గుడ్డతో కుట్టిన మామిడాకులు నా దగ్గరున్నాయి.

చింతపండు, బెల్లం, ఉప్పు, కారం, మా అమ్మ నీడలో ఎండబెట్టి పంపిన వేపపువ్వు నేను తెస్తాను. కందిపొడి, గోంగూర పచ్చడి మా బృందం తెస్తుంది. మామిడికాయ మంగళవారం వియన్నాలో నాష్‌మార్క్ట్‌లో వెతుకుదాం, ఏసియా సరుకుల కొట్లు ఉంటాయక్కడ. దొరక్కపోతే పుల్లటి ఆకుపచ్చ యాపిల్‌తో కానిద్దాం, వగరు కోసం దాని తొక్కు తీయకుండా తరుగుతాను.

ఓడ వంటగదిలోకి మనల్ని రానివ్వరు. పచ్చడికి పొయ్యి అక్కర్లేదు కాబట్టి ఇబ్బంది లేదు. రోజూ రాత్రి భోజనంలో తెల్లన్నం, ఏమీ కలపని పెరుగు పెట్టమని మాత్రం రాయించండి. ఆ రెండూ ఉంటే మా అత్తగారు ఏ దేశమైనా వస్తారు.

కొత్త సభ్యురాలు, బుధవారం

అక్కా, అన్నయ్యా, నాదొక సందేహం. మా అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి నాన్న పాపికొండలు మాటెత్తితేనే వద్దంటారు. ఈ ట్రిప్ గురించి ఇంకా చెప్పలేదు. ఆయన్ని ఎలా ఒప్పించాలి? వీసా ఇక్కడికి వచ్చాక తీసుకోవచ్చా?

ప్రయాణాల వాలంటీర్, బుధవారం

ముందు వీసా, అమ్మా. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇక్కడ షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) అప్లికేషన్ సాధారణంగా తీసుకోరు. ఇండియాలో ఉండగానే పూర్తి చేయించండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, అంటే 2026 అక్టోబర్ 3 నుంచి. ఎక్కువ రోజులు గడిపే దేశానికి అప్లై చేయాలి. మన లెక్కలో మంగళ, బుధ, గురువారాలు ఆస్ట్రియా, కాబట్టి ఆస్ట్రియాకే. 30,000 యూరోలకి తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. హంగరీ, స్లొవేకియా, ఆస్ట్రియా, జర్మనీ నాలుగూ షెంగెన్‌లోవే, ఒక్క వీసా చాలు. ఇక్కడ ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఉంటున్నవాళ్ళకీ వీసా కావాలి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి అక్కర్లేదు, కానీ మొదటిసారి దిగినప్పుడు వాళ్ళ దగ్గర వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి ఫొటో ఒక్కటే. బుడాపెస్ట్ ఎయిర్‌పోర్ట్‌లో లైన్ ఉంటుంది, పెద్దవాళ్ళకి వీల్‌చెయిర్ ముందే బుక్ చేద్దాం.

నాన్నగారి భయం చిన్నది కాదు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఆ రోజు ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. దాచి తీసుకురావద్దు. ఎక్కిన రోజే సేఫ్టీ డ్రిల్ చేయిస్తారని, రెండు ఒడ్లూ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయని చెప్పండి. నీళ్ళు మరీ పెరిగితే ఓడలు ఆపేస్తారు, మిగతా దారి బస్సుల్లో తీసుకెళ్తారు. పసావ్‌లో టౌన్‌హాల్ గోడ మీద పాత వరదలన్నిటికీ గీతలు గీసి ఉంటాయి, 2013ది మనిషి తలకంటే చాలా పైన. నది సంగతి బాగా తెలిసిన ఊళ్ళవి. అప్పటికీ ఆయన వద్దంటే బలవంతం చేయకండి, వీకెండ్ తులిప్ ట్రిప్‌కి రైల్లో తీసుకొద్దాం. మీరు సరేనంటే ఆదివారం నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

ఇక పనులు. కోశాధికారి గారు గురువారం లోపు మూడు కంపెనీల కొటేషన్లు తెస్తారు, బుడాపెస్ట్‌లో ఎక్కే షెడ్యూల్‌వే. ఓడల్ని ఆనించి కట్టడం గురించి, పిల్లల గురించి, అన్నం పెరుగు గురించి నేను ఈమెయిల్ పెడుతున్నాను. వెళ్ళేటప్పుడు లండన్ నుంచి బుడాపెస్ట్‌కి, వచ్చేటప్పుడు మ్యూనిక్ నుంచి విమానం. పసావ్ నుంచి మ్యూనిక్ ఎయిర్‌పోర్ట్‌కి బస్సులో సుమారు రెండు గంటలు, ఆ బస్సు కూడా మాట్లాడాలి, ఎవరైనా ముందుకు రండి. పంచాంగం చదవడానికి పెద్దమ్మగారు ఒప్పుకున్నారు.

వదినా, ఏప్రిల్ 7న అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. పై డెక్ మీద ఒక మూల ఏడింటికి మనకివ్వమని అడుగుతున్నాను. పొద్దున చలి గట్టిగానే ఉంటుంది, చీరల మీదికి కోట్లు తెచ్చుకోమని అందరికీ మీరే చెప్పండి, నా మాటైతే వినరు.