డొమైన్ పేరు వెతికితే చాలు, ఎవరో ముందే కొనేస్తున్నారా?

బరంపురం జోడ:
బరంపురంలో మాది పట్టు చీరల, జోడల (మగవారు కట్టే పట్టు బట్టల) వ్యాపారం. ఫొడా కుంభ అంచు చీరలను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుని, ఊరి పేరుకు పట్టు అన్న మాట చేర్చి డాట్ కామ్‌లో దొరుకుతుందేమోనని, డొమైన్ పేర్లు (వెబ్‌సైట్ చిరునామాలు) అమ్మే ఒక రిజిస్ట్రార్ సైట్‌లో వెతికాను. ఖాళీగానే ఉందని చూపించింది. ఇంట్లో మాట్లాడి కొందామని ఆగాను. మళ్లీ చూసేసరికి ఎవరో కొని, పెద్ద ధరకు అమ్మకానికి పెట్టారు. మనం వెతికే పేర్లను ఆ సైట్ల వాళ్లే బయటికి చేరవేస్తున్నారని నా అనుమానం. ఈ ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా?

రాయగడ వాసి:
మీ అనుమానానికి చరిత్ర ఉంది. అమెరికాలోని నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే పెద్ద రిజిస్ట్రార్, 2008 జనవరిలో, తన సైట్‌లో ఎవరు ఏ ఖాళీ పేరు వెతికినా దాన్ని నాలుగు రోజుల పాటు తానే నమోదు చేసి ఉంచుకునేది. ఆ నాలుగు రోజులూ అది వేరే రిజిస్ట్రార్ దగ్గర దొరికేది కాదు కనుక, వెతికినవాడు కావాలంటే అక్కడే కొనాలి. ఇతరులు తన్నుకుపోకుండా కొనుగోలుదారులను కాపాడుతున్నామని ఆ సంస్థ సమర్థించుకుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ వ్యవహారం కోర్టుకు కూడా వెళ్లింది. అంత పేరున్న సంస్థే బాహాటంగా చేసిన పనిని చిన్న సంస్థలు చాటుగా చేయవని నమ్మడం ఎలా?

గుణుపురం మాస్టారు:
రాయగడ వారు చెప్పింది నిజమే గాని, ఆ పని ఆనాడు ఎందుకు సాధ్యమయిందో కూడా చెప్పాలి. డాట్ కామ్ వంటి పేర్లను నమోదు చేసిన అయిదు రోజుల్లోగా రద్దు చేసుకుంటే రిజిస్ట్రార్‌కు రుసుము మొత్తం తిరిగి వచ్చేది. ఆ వెసులుబాటును ఆసరా చేసుకుని కొందరు లక్షల కొద్దీ పేర్లను ఉచితంగా పట్టి, వాటికి ఎంత మంది వస్తున్నారో చూసి, పనికిరానివి వదిలేసేవారు. వెతికిన పేరును పట్టి ఉంచడానికీ పైసా ఖర్చు లేదు. ఈ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ 2008, 2009లలో ఆ తలుపు దాదాపు మూసేసింది. ఇప్పుడు ఒక నెలలో జరిగిన కొత్త నమోదుల్లో పది శాతానికో, యాభై పేర్లకో, ఏది ఎక్కువైతే దానికి మాత్రమే సొమ్ము వెనక్కి వస్తుంది. ఆపైన రద్దు చేసిన ప్రతి పేరుకూ రుసుము పోయినట్లే. ఒక్కో డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రార్ కట్టే టోకు రుసుమే 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు చేరింది. రోజూ వేలాది మంది వెతికే పేర్లన్నిటికీ ఆ సొమ్ము పోసే సాహసం ఎవరు చేస్తారు?

ఇక జోడ గారి సంగతికి వస్తే, ఆ సైట్ చూపిన "ఖాళీ" అన్న మాటే సరైనదని ముందుగా నిర్ధారించుకోవాలి. కొన్ని వెతుకులాట పెట్టెలు, నమోదైన పేర్ల అసలు జాబితా ఉంచే రిజిస్ట్రీని అడగకుండా, పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లో ఆ పేరుకు జవాబు ఉందా లేదా అని మాత్రమే చూస్తాయి. ఎవరో ఎప్పుడో కొని, ఆ జవాబు ఇచ్చే నేమ్‌సర్వర్ ఏదీ పెట్టకుండా వదిలేసిన పేరు కూడా అలాంటి చోట ఖాళీగానే కనిపిస్తుంది. నమోదు వివరాల్లో సృష్టించిన తేదీ ఉంటుంది, దాన్ని చూడండి. అది మీరు వెతకడానికి ముందుదైతే ఈ చర్చ ఇక్కడితో ముగిసినట్లే. తరువాతిదైనా, గడువు తీరిన పాత పేరు అయి ఉండవచ్చు. అటువంటి పేర్లు చివరగా అయిదు రోజులు తొలగింపు వరుసలో నిలిచి, విడుదలైన క్షణంలోనే వాటి కోసం కాచుకున్న యంత్రాల పాలవుతాయి. మీరు వెతికినా వెతకకపోయినా అది జరిగేదే.

మరొకటి. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఏ ఒక్క దుకాణానిదీ కాదు. ఊరి పేరునూ పట్టునూ కలపాలన్న ఆలోచన మీ వీధిలోనే ఎందరికి వచ్చి ఉంటుందో లెక్కవేయండి.

రాయగడ వాసి:
మాస్టారూ, మీ లెక్క అందరి పేర్లనూ గుడ్డిగా కొనేవాడికి వర్తిస్తుంది. ఒకే మనిషి ఒకే పేరును రెండు మూడు సార్లు వెతికాడంటే అతనికి అది అవసరమని లోపలివాడికి తెలుస్తుంది. అలాంటివి ఏరుకుని కొంటే, పదింటిలో ఒకటి అమ్ముడుపోయినా పెట్టుబడి వెనక్కి వస్తుంది. పది డాలర్లు అడ్డంకి ఏమీ కాదు.

పర్లాకిమిడి కొమ్ముపని:
వెతుకులాట సైటునే ఎందుకు పట్టుకున్నారు? బ్రౌజర్ పైపట్టీలో పేరు కొట్టి చూసినా అది సెర్చ్ ఇంజిన్‌కో, ఇంటర్నెట్ ఇచ్చేవాడి డీఎన్ఎస్‌కో చేరుతుంది. కంపెనీ నమోదు చేయిస్తే ఆ పేరు అందరూ చూడగలిగే ప్రభుత్వ జాబితాలోకి ఎక్కుతుంది. మేము కొమ్ము బొమ్మల దుకాణానికి పేరు పెట్టినప్పుడు ఫ్లెక్సీ కుర్రాడికి, వాట్సాప్ గ్రూపులోని చుట్టాలందరికీ డొమైన్ కొనకముందే తెలిసిపోయింది. వెతికిన పూటే కొనేయాలి, ఒక ఏడాది రుసుము పెద్ద సొమ్మేమీ కాదు.

బరంపురం జోడ:
మాస్టారు చెప్పినట్లు చూశాను. సృష్టించిన తేదీ నేను వెతికిన తరువాతిదే. పాత వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు మీద ఒక్క పేజీ కూడా లేదు. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఐకాన్ వివాద పరిష్కార విధానం కింద ఫిర్యాదు చేద్దామంటే, ఆ పేరుపై నాకు ట్రేడ్‌మార్క్ హక్కు ఉందని, అవతలివాడు దురుద్దేశంతో కొన్నాడని కూడా నేనే నిరూపించాలట. అలాంటి ఫిర్యాదులు తేల్చే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపో దగ్గర ఒకే నిర్ణేత చాలన్నా రుసుము 1,500 డాలర్లు. అంతకంటే మా ఇంటి పేరుతో డాట్ ఇన్ కొనుక్కోవడం మేలని కొనేశాను. అనుమానం మాత్రం తీరలేదు.

గుణుపురం మాస్టారు:
అయితే పాత పేరన్న వాదనను వదులుకుంటాను. కాకపోతే పేజీలు లేనంత మాత్రాన ఆ పేరును మునుపు ఎవరూ కొనలేదని చెప్పలేము. ఇప్పటికి ఒక్క ఘటనే మన చేతిలో ఉంది, దాంతో ఏ సైట్‌నూ దొంగ అనలేము. పరీక్షించి చూద్దాం. కొన్ని పేర్లు రాసుకుని, చీటీలు వేసి సగం ఆ సైట్‌లోనే వెతుకుదాం, మిగతా సగాన్ని ఎక్కడా వెతకకుండా ఉంచుదాం. కొంతకాలం తరువాత రెండు సగాల్లో ఏవి నమోదయ్యాయో పోల్చుదాం.

రాయగడ వాసి:
ఎవరికీ అక్కరలేని పిచ్చి పేర్లు వెతికితే ఏ దొంగా ముట్టుకోడు, ఏమీ జరగలేదని మీరు చంకలు గుద్దుకుంటారు. పేర్లు నిజమైన వ్యాపారానికి పనికివచ్చేవి కావాలి, ఒక్కొక్కటి పలుమార్లు వెతకాలి. అప్పుడైతే నాకు సమ్మతమే.

బరంపురం జోడ:
ఆ పేర్లు నేనే ఎంచుతాను, పట్టు వ్యాపారం తెలిసినవాడిని కనుక. కాగితం మీద రాసి మాస్టారి చేతికే ఇస్తాను. ఇక్కడ మాత్రం రాయను.