అప్‌డేట్: తమ్ముడి ఆసక్తి, అమ్మ షుగర్ గోలీలు

అందరికీ వందనాలు. కాజీపేటలో ఉండే మా తమ్ముడు ఉపవాస కూడికలకు వెళ్తూ, "విశ్వాసం ఉంటే మందులెందుకమ్మా" అని అమ్మ షుగర్ గోలీలు మాన్పించాడని, వాడిని ఆపితే దేవుని పనికి అడ్డుపడినట్టా అని పోయిన నెల అడిగాను.

ఆదివారం ఆరాధన అయ్యాక వాడితో కూర్చున్నాను. మీలో ఒకరు చెప్పినట్టు బైబిల్లో రోమా పత్రిక (తొలి క్రైస్తవ బోధకుడు పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం) 10:2 వాడితోనే చదివించాను. తన సొంత జనానికి దేవుని మీద ఆసక్తి ఉంది గానీ దానికి తగ్గ జ్ఞానం లేదని పౌలు బాధపడే చోటు అది. ఆ మాట ఆయనకు ఊరికే రాలేదు. క్రీస్తును నమ్మకముందు ఆసక్తితోనే క్రైస్తవ సంఘాన్ని హింసించానని తన ఇంకో ఉత్తరం ఫిలిప్పీ 3:6లో తానే ఒప్పుకుంటాడు. తమ్ముడు ఆ వచనం మీద వేలు పెట్టి చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. "అన్నా, పౌలు కూడా నిజమనుకునే చేశాడు కదా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. కొలొస్సీ 4:14 కూడా చూపించాను. అక్కడ తన సహచరుడు లూకాను ప్రియమైన వైద్యుడు అంటాడు పౌలు.

అమ్మ బైబిల్ జిప్ కవర్‌లో గోలీల అట్ట భద్రంగా ఉంది. పారేయడానికి మనసు రాలేదట. మర్నాడు హన్మకొండలో డాక్టర్ దగ్గరికి తమ్ముడే తీసుకెళ్లాడు. షుగర్ బాగా పెరిగింది, మళ్లీ మందులు మొదలయ్యాయి.

ఆ కూడికలు నడిపే ఆయనతో ఇంకా మాట్లాడాలి, ఆ టెన్షన్ ఉంది. తమ్ముడు ప్రార్థన మానలేదు, మానాలని నేనూ కోరలేదు. రాత్రి అన్నానికి ముందు ప్రార్థన చేసి, నీళ్ల గ్లాసూ గోలీ వాడే అమ్మ చేతికిస్తున్నాడు.